'ది కిడ్' సినిమాలో ఆ పిల్లాడు నిజంగానే ఏడ్చాడా? జాకీ కూగన్ కథ



ముందు ఒక సీన్ చెబుతాను. 1921లో వచ్చిన సినిమా. బ్లాక్ అండ్ వైట్, మూకీ. ఒక పేదవాడి గది. అనాథాశ్రమం వాళ్లు వచ్చి ఐదేళ్ల పిల్లాణ్ని లాక్కెళ్లి బయట ఉన్న లారీలోకి ఎక్కిస్తారు. పిల్లాడు లారీలో నిలబడి, రెండు చేతులూ చాచి, నన్ను తీసుకెళ్లొద్దని బతిమాలుతూ ఏడుస్తుంటాడు. సినిమాకి సౌండ్ లేదు. అయినా ఆ ఏడుపు మనకి వినిపిస్తుంది. నేను మొదటిసారి చూసింది బీటెక్ సెకండియర్‌లో, హాస్టల్ రూమ్‌లో, నలుగురం ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని. కామెడీ సినిమా అనుకుని పెట్టాం. ఆ సీన్ వచ్చాక కాసేపు ఎవడూ మాట్లాడలేదు.

సినిమా పేరు 'ది కిడ్'. తీసింది చార్లీ చాప్లిన్. ఆ పిల్లాడు జాకీ కూగన్. ఇవాళ్టి ఎపిసోడ్ వాడి గురించే. వాడికి నటన ఎవరు నేర్పారు, ఆ పాత్ర ఎలా దొరికింది, ఆ ఏడుపు ఎలా తెప్పించారు, ఆ ఏడుపుతో వచ్చిన డబ్బు చివరికి ఎవరి దగ్గరికి చేరింది, ఇవన్నీ చూద్దాం. ఈ కథ చెప్పడానికి నాకు సొంత కారణం ఒకటుంది. అది చివర్లో చెబుతాను. గొప్పగా చెప్పుకునే కారణమేమీ కాదు.

సరే, మొదటి నుంచి వద్దాం.

జాకీ 1914 అక్టోబర్ 26న లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. తండ్రి పేరు కూడా జాకే, జాక్ కూగన్. తల్లి లిలియన్. ఇద్దరూ వాడెవిల్ స్టేజీ మీద పనిచేసేవాళ్లు. వాడెవిల్ అంటే ఏంటంటే, ఒకే టికెట్ మీద పది రకాల ఐటమ్‌లు. ఒకడు పాట పాడతాడు, తర్వాతివాడు బంతులు ఎగరేసి పడతాడు, ఇంకొకడు కుక్కల చేత విన్యాసాలు చేయిస్తాడు, మధ్యలో ఒక హాస్యగాడు, ఒక డాన్సర్. మన జాతరల్లో రికార్డింగ్ డాన్స్, మిమిక్రీ, మ్యాజిక్ కలిపి ఒకే స్టేజీ మీద వేస్తే ఎలా ఉంటుందో అలా అనుకోండి. అమెరికాలో సినిమాలు పెద్ద ఎత్తున రాకముందు జనానికి అదే వినోదం. ఆర్టిస్టులు ఊరు ఊరు తిరిగేవాళ్లు. పిల్లల్ని కూడా వెంట తిప్పుకునేవాళ్లు.

మనకి ఇది కొత్త విషయం కాదు. సురభి నాటక కుటుంబాలు మీకు తెలుసు కదా. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సంప్రదాయం. అక్కడ పుట్టిన పిల్లలకి నటన నేర్పే బడి వేరే ఉండదు. తెర వెనక పెరుగుతారు, పెద్దవాళ్ల డైలాగులు వినీ వినీ నోటికి వచ్చేస్తాయి, పిల్లల వేషం అవసరం పడిన రోజు స్టేజీ ఎక్కేస్తారు. వాడెవిల్ కుటుంబాల పిల్లలదీ దాదాపు ఇదే కథ. తర్వాత పెద్ద కామెడీ హీరో అయిన బస్టర్ కీటన్ కూడా చిన్నప్పుడు అమ్మానాన్నలతో కలిసి వాడెవిల్ స్టేజీ మీద ఉన్నవాడే. వాళ్ల ఐటమ్‌లో నవ్వు ఎక్కడ పుట్టేదంటే, నాన్న పిల్లాణ్ని ఎత్తి స్టేజీ మీద అటూ ఇటూ విసిరేయడంలో. జనం పగలబడి నవ్వేవాళ్లు.

కాబట్టి జాకీకి తొలి గురువు వాళ్ల నాన్నే. జాక్ కూగన్ విచిత్రమైన అడుగులు వేసే డాన్సర్. పిల్లాడు ఆయన్ని చూసి చేసేవాడు. చూడ్డం, అచ్చు అలాగే చేయడం, జనం నవ్వితే ఆ నవ్వు ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోవడం, ట్రైనింగ్ అంటే అదే. అక్షరాలు రాకముందే ఆడియన్స్ నాడి పట్టుకోవడం వచ్చేసింది వాడికి. 1917లో 'స్కిన్నర్స్ బేబీ' అనే సినిమాలో పసివాడిగా కెమెరా ముందుకు కూడా వచ్చాడు. అదేమంత లెక్కలోది కాదు.

ఇప్పుడు రెండో వ్యక్తి దగ్గరికి వెళ్దాం. చార్లీ చాప్లిన్.

1919 నాటికి చాప్లిన్ ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ మంది గుర్తుపట్టే మనిషి. టోపీ, కర్ర, చిన్న మీసం. కానీ ఆ ఏడాది ఆయన బుర్ర పనిచేయడం లేదు. కథలు తట్టడం లేదు. 1918లో నటి మిల్డ్రెడ్ హ్యారిస్‌ని పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరికీ పొసగలేదు. 1919 జులై 7న వాళ్లకి కొడుకు పుట్టాడు. నార్మన్ అని పేరు పెట్టారు. మూడు రోజులకే ఆ బిడ్డ చనిపోయాడు.

ఇది జరిగిన కొద్ది రోజులకే చాప్లిన్ పసిపిల్లలతో సినిమా పని మొదలుపెట్టాడు. ఈ రెండింటికీ ముడి పెట్టనివాళ్లు లేరు. మనిషి మనసులో ఏముందో మనం చెప్పలేం. కానీ తేదీలు మాత్రం పక్కపక్కనే ఉన్నాయి.

జాకీని చాప్లిన్ చూసింది లాస్ ఏంజెలెస్‌లోని ఆర్ఫియం థియేటర్‌లో. ఆయన 1964లో వచ్చిన తన ఆత్మకథలో ఇదంతా చెప్పాడు. స్టేజీ మీద జాక్ కూగన్ డాన్స్ చేశాడు. చాప్లిన్‌కి అదేమంత గొప్పగా అనిపించలేదు. ఐటమ్ అయిపోయాక తండ్రి తన నాలుగేళ్ల కొడుకుని స్టేజీ మీదకి పిలిచాడు, ఇద్దరూ కలిసి జనానికి దణ్ణం పెట్టడానికి. పిల్లాడు దణ్ణం పెట్టి ఊరుకోలేదు. గబగబా నాలుగు స్టెప్పులేసి, జనం వైపు అన్నీ తెలిసినవాడిలా ఒక చూపు చూసి, చెయ్యి ఊపి లోపలికి పరిగెత్తాడు. హాలంతా గోల. మళ్లీ పిలిచారు. ఈసారి వేరే డాన్స్ చేశాడు. చాప్లిన్ దృష్టి ఆగింది ఆ చూపు దగ్గర.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కొన్ని రోజుల తర్వాత స్టూడియోలో తన యూనిట్‌వాళ్ల దగ్గర చాప్లిన్ ఈ పిల్లాడి ముచ్చట చెబుతుంటే ఒకాయన అన్నాడు, కూగన్‌ని రాస్కో ఆర్బకిల్ తీసుకున్నాడని పేపర్‌లో వచ్చిందని. ఆర్బకిల్ అప్పట్లో ఇంకో పెద్ద కమెడియన్. చాప్లిన్‌కి గుండె జారిపోయింది. ఆ పిల్లాడితో తనేం చేయగలడో అప్పుడు ఒక్కసారిగా తట్టడం మొదలైంది. కిటికీ అద్దాలు అతికించే వాడుగా తను. ముందు వెళ్లి రాళ్లతో అద్దాలు పగలగొట్టి వచ్చే పిల్లాడు వాడు. రోజంతా ఇవే ఐడియాలు, ఆ పిల్లాడు తనకి లేడన్న బాధ. సాయంత్రానికి తెలిసింది, ఆర్బకిల్ తీసుకుంది తండ్రి జాక్ కూగన్‌ని అని. కొడుకుని ఎవరూ తీసుకోలేదు!

పరుగున తండ్రికి కబురు వెళ్లింది. ఆ బుడ్డోడేగా, భేషుగ్గా తీసుకోండి అన్నట్టు నవ్వేశాడట జాక్. ఆ 'బుడ్డోడు' మరి కొన్నేళ్లలో ఇంటిల్లిపాదినీ పోషిస్తాడని అప్పుడు ఆయనకి తెలియదు.

షూటింగ్ 1919 వేసవిలో మొదలైంది. తొమ్మిది నెలలకు పైగా సాగింది. అప్పటిదాకా చాప్లిన్ సొంతంగా తీసినవన్నీ చిన్న సినిమాలే. ఆయన దర్శకత్వంలో మొదటి పూర్తి నిడివి సినిమా ఇదే. సినిమా ఆలస్యం అవుతోందని పంపిణీ సంస్థ తొందరపెడితే మధ్యలో 'ఎ డేస్ ప్లెజర్' అనే చిన్న సినిమా చేసి ఇచ్చాడు. అందులోనూ జాకీకి చిన్న వేషం ఉంది.

తండ్రి కూడా సెట్‌లోనే ఉండేవాడు. 'ది కిడ్'లో జాక్ కూగన్ చిన్న చిన్న వేషాలు రెండు మూడు వేశాడు. జేబుదొంగ ఆయనే, కలలో వచ్చే దయ్యమూ ఆయనే.

సెట్‌లో చాప్లిన్ నేర్పే పద్ధతి వేరు. ఆయన ప్రతి పాత్రనీ ముందు తనే చేసి చూపించేవాడు. పెద్ద నటులకి కొందరికి ఇది చిరాకు. కానీ జాకీ నాన్నని చూసి చేస్తూ పెరిగినవాడు. వాడికి ఇది కొత్త బడి కాదు, అదే బడిలో పై క్లాసు. మూకాభినయానికి ఉన్న నాలుగైదు సూత్రాలు చెబితే చాలు, పట్టేసుకున్నాడని చాప్లిన్ రాశాడు.

ఒక ఉదాహరణ చెబుతాను. దీన్ని మీరు సినిమాలో చూడొచ్చు. పిల్లాడు ఒక ఇంటి కిటికీ మీదకి రాయి విసరబోతున్నాడు. వెనక ఒక పోలీసు వచ్చి నిలబడ్డాడు, వీడు చూడలేదు. విసరడానికి చెయ్యి వెనక్కి తీసుకెళ్తే ఆ చెయ్యి పోలీసు కోటుకి తగిలింది. మెల్లగా తలెత్తి చూశాడు. వెంటనే ఆ రాయిని ఆట కోసమే పట్టుకున్నవాడిలా పైకి ఎగరేసి పట్టుకున్నాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు పక్కన పడేశాడు. తాపీగా నాలుగు అడుగులు వేశాడు. ఆపైన ఒకటే పరుగు.

ఇందులో ఎన్ని స్టెప్పులున్నాయో లెక్కపెట్టండి. నేను కోడ్ రాసే రోజుల్లో అయితే దీన్ని ఫ్లోచార్ట్ వేసేవాణ్ని. చెయ్యి వెనక్కి, స్పర్శ, చూపు, నిర్ణయం, నాటకం, నడక, పరుగు. చాప్లిన్ వాడికి భయపడు, అమాయకంగా ముఖం పెట్టు అని చెప్పలేదు. చెయ్యి ఎక్కడికి వెళ్లాలి, తల ఎప్పుడు ఎత్తాలి, ఇవే చెప్పాడు. మూడు నాలుగు రిహార్సల్స్ అయ్యేసరికి ఒంటికి ఆ వరుస అలవాటైపోయింది. అలవాటయ్యాక భావం దానంతట అదే వచ్చింది. మళ్లీ చేయమంటే మళ్లీ అంతే తాజాగా చేసేవాడట. నాలుగైదు ఏళ్ల పిల్లాడు! పెద్ద పెద్ద నటులే రెండో టేక్‌కి చప్పబడిపోతారు.

అట్లు పోసే సీన్ కూడా చూడండి. తండ్రిలాంటి ఆ దేశదిమ్మరి మంచం మీద ఇంకా లేవకుండా పడుకుని ఉంటే పిల్లాడు పొయ్యి దగ్గర అట్లు వేసి ఆయన్ని లేవమంటాడు. ఇంటి పెద్ద ఎవరో అర్థం కాదు. సినిమా గొప్పతనమంతా ఆ తారుమారులోనే ఉంది. ఆ పిల్లాడు సంపాదిస్తాడు, వండుతాడు, ఆయన్ని చూసుకుంటాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు ఆ లారీ సీన్.

రాయి విసిరే సీన్‌ని స్టెప్పులుగా నేర్పొచ్చు. ఏడుపుని ఎలా నేర్పుతారు? ఆ రోజు జాకీ మంచి హుషారు మీదున్నాడు. చాప్లిన్ ఎన్ని కథలు చెప్పినా ఏడుపు రాలేదు. గంట గడిచింది. అప్పుడు తండ్రి అన్నాడు, నేను ఏడిపిస్తానని. పిల్లాణ్ని కొట్టొద్దు, భయపెట్టొద్దు అన్నాడు చాప్లిన్. అలాంటిదేమీ ఉండదన్నాడు తండ్రి. అయినా చాప్లిన్‌కి అక్కడ ఉండి చూసే ధైర్యం లేక తన డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లిపోయాడు. కాసేపట్లో పిల్లాడి ఏడుపు వినిపించింది. ఒకటే ఏడుపు. తండ్రి బయటికి వచ్చి, రెడీ అన్నాడు.

ఏం చేశాడంటే, నువ్వు ఏడవకపోతే నిన్ను స్టూడియో నుంచి తీసుకెళ్లి నిజంగానే అనాథల దగ్గర పడేస్తానన్నాడు.

సీన్‌లో ఉన్నదేంటి? పిల్లాణ్ని ఇంటి నుంచి అనాథాశ్రమానికి లాక్కెళ్లడం. సెట్‌లో వాడికి చెప్పిందేంటి? అదే. వాడు ఏడ్చింది పాత్ర కోసమో, తన కోసమో ఆ క్షణంలో వాడికైనా తేడా తెలిసి ఉంటుందా?

చాప్లిన్ వాణ్ని ఎత్తుకుని, నిన్ను ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్లరని సముదాయించాడు. అప్పుడు పిల్లాడు ఆయన చెవిలో మెల్లగా చెప్పాడట, నాన్న అలా చేయడని నాకు తెలుసులే అని.

నేను ఈ ముక్క చదివి చాలాసేపు ఆగిపోయాను. తెలిస్తే అంత ఏడుపు ఎందుకొచ్చింది? తెలుసు అన్నది ఏడ్చాక తనకి తాను చెప్పుకున్న ఓదార్పా? లేక వాడు నిజంగానే అంత నటుడా? నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. నమ్మకమూ ఉంది, భయమూ ఉంది. చిన్నపిల్లల్లో అవి రెండూ పక్కపక్కనే ఉంటాయి.

చాప్లిన్ విషయమూ చెప్పాలి. అనాథల బండి ఆయనకి కట్టుకథ కాదు. 1896లో, ఏడేళ్ల వయసులో, లండన్‌లో తల్లి హానాతో, అన్న సిడ్నీతో కలిసి పేదల శరణాలయంలో చేరాల్సి వచ్చింది. అక్కడ తల్లినీ పిల్లల్నీ వేరు చేశారు. కొన్ని వారాలకి అన్నదమ్ములిద్దర్నీ ఊరి బయట హాన్‌వెల్‌లో ఉన్న అనాథ పిల్లల బడికి పంపించారు. ఆ తర్వాత పదేళ్లు నిండేలోపే 'ఎయిట్ లాంకషైర్ ల్యాడ్స్' అనే పిల్లల డాన్స్ బృందంలో చేరి స్టేజీల మీద చెక్క బూట్లతో డాన్స్ చేశాడు. అంటే ఆ లారీలో ఉన్న పిల్లాడూ ఒకప్పుడు ఆయనే, ఆర్ఫియం స్టేజీ మీద డాన్స్ చేసిన పిల్లాడూ ఒకప్పుడు ఆయనే. బహుశా అందుకే ఆ గదిలో నిలబడలేకపోయాడు. కానీ తలుపు వేసుకుని వెళ్లాడు తప్ప ఆపలేదు. షాట్ కావాలి కదా.

సినిమా పూర్తయ్యేసరికి విడాకుల గొడవ. భార్య తరఫువాళ్లు నెగటివ్‌లు జప్తు చేస్తారన్న భయంతో చాప్లిన్ వాటిని మూటగట్టుకుని సాల్ట్ లేక్ సిటీకి పారిపోయి, హోటల్ గదిలో కూర్చుని ఎడిటింగ్ చేశాడు. అది వేరే ఎపిసోడ్ అవుతుంది. 1921 జనవరి 21న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో తొలి ప్రదర్శన. ఫిబ్రవరిలో దేశమంతా విడుదల. ఆరేళ్ల జాకీ కూగన్ రాత్రికి రాత్రి ప్రపంచానికంతా తెలిసిపోయాడు.

ఆ తర్వాత అదే ఏడాది 'పెక్స్ బ్యాడ్ బాయ్', 1922లో 'ఆలివర్ ట్విస్ట్'. మళ్లీ అనాథ పాత్రే చూడండి. 1923లో మెట్రో సంస్థ పది లక్షల డాలర్ల ఒప్పందం రాసుకుంది. జాకీ బొమ్మతో పీనట్ బటర్, నోటు పుస్తకాలు, ఈలలు, బొమ్మలు అమ్మారు. 1924లో నియర్ ఈస్ట్ రిలీఫ్ అనే సంస్థ తరఫున యుద్ధంలో అనాథలైన పిల్లల కోసం అమెరికా, యూరప్ తిరిగి పది లక్షల డాలర్లకు పైగా విలువైన తిండీ బట్టలూ పోగు చేయించాడు. పోప్‌ని కలిశాడు. అప్పటికి వాడికి పదేళ్లు. పదేళ్లు వచ్చేదాకా ఇంట్లోనే ట్యూషన్ చదువు. 1927లో వాడి పొడుగు జుట్టు కత్తిరించడం కూడా ఒక సినిమా అయింది, 'జానీ గెట్ యువర్ హెయిర్ కట్' అని! పిల్లాడు ఎదగడం కూడా సరుకే.

ఇంత సంపాదించిన పిల్లాడికి వారానికి పాకెట్ మనీ ఎంతో తెలుసా? 6 డాలర్ల 25 సెంట్లు. వాడికేమీ అనుమానం లేదు. నాన్న దాస్తున్నాడు, 21 ఏళ్లు వచ్చాక నా డబ్బు నాకొస్తుంది అనుకున్నాడు. గుర్తుందా, నాన్న అలా చేయడని నాకు తెలుసు అన్న మాట? అదే నమ్మకం.

1935 మే 4. జాకీ, తండ్రి, మరో ముగ్గురు మెక్సికోలో పిట్టల వేటకి వెళ్లి కారులో తిరిగి వస్తున్నారు. శాన్ డియేగో దగ్గర కొండదారిలో కారు లోయలో పడింది. తండ్రి చనిపోయాడు. జాకీ ప్రాణస్నేహితుడు, నటుడు జూనియర్ డర్కిన్ చనిపోయాడు. మిగతా ఇద్దరూ చనిపోయారు. బతికి బయటపడింది జాకీ ఒక్కడే.

ఐదు నెలలకి 21 నిండాయి. డబ్బు రాలేదు. తల్లి ఆర్థర్ బెర్న్‌స్టైన్‌ని పెళ్లి చేసుకుంది. కుటుంబం డబ్బు లెక్కలు చూసేవాడు ఆయనే. జాకీ బాల్యంలో సంపాదించింది 30 నుంచి 40 లక్షల డాలర్లని అంచనా. వాళ్లిద్దరి వాదన ఏంటంటే, అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం మైనర్ సంపాదన తల్లిదండ్రులది, పిల్లాడికి ఇస్తామని ఎవరూ మాట ఇవ్వలేదు అని. చట్టప్రకారం ఆ మాట తప్పు కాదు. అదే అసలు దారుణం.

1938లో జాకీ సొంత తల్లి మీద కేసు వేశాడు. కోర్టు లెక్కలు తీస్తే మిగిలింది దాదాపు రెండున్నర లక్షల డాలర్లే. రాజీలో జాకీ చేతికి వచ్చింది 1 లక్షా 26 వేలు. అట్లు పోసి పెట్టిన పిల్లాడు గుర్తున్నాడా? సినిమాలో కనీసం ఆ దేశదిమ్మరి వాడితో కలిసి తిన్నాడు. జాకీకి డబ్బుకి కటకటగా ఉన్న రోజుల్లో చాప్లిన్ దగ్గరికి వెళ్తే మారు మాట లేకుండా 1000 డాలర్లు ఇచ్చాడంటారు.

ఈ కేసు పేపర్లకెక్కి జనానికి కోపం వచ్చింది. 1939లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. బాల నటుల సంపాదనలో కొంత భాగం వాళ్ల పేరు మీద పక్కన పెట్టేలా కోర్టు ఆదేశించవచ్చని. ఇప్పటికీ అందరూ దాన్ని 'కూగన్ చట్టం' అనే అంటారు. పిల్లల డబ్బు వేసే ఖాతా పేరు కూడా కూగన్ ఖాతానే. అయితే కోర్టు ఆమోదించిన ఒప్పందాలకే అది వర్తించేది, అందుకని సందులు మిగిలిపోయాయి. షర్లీ టెంపుల్ పెద్దయ్యాక చూసుకుంటే, చిన్నప్పుడు సంపాదించిన దాదాపు 32 లక్షల డాలర్లలో మిగిలింది 44 వేలు. చివరికి 2000 జనవరి 1 నుంచి చట్టం మార్చి, పిల్లల సంపాదన పిల్లలదే, అందులో 15 శాతం తప్పనిసరిగా వాళ్ల ఖాతాలో పడాలని రాశారు.

జాకీ తర్వాత ఏమయ్యాడు? ఇక్కడ మన దేశంతో ఒక లింక్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి గ్లైడర్ పైలట్ అయ్యాడు. గ్లైడర్ అంటే ఇంజిన్ లేని విమానం, దాన్ని ఇంకో విమానం తాడుతో లాక్కెళ్తుంది. 1944 మార్చి 5 రాత్రి అస్సాంలోని లాలాఘాట్ నుంచి గ్లైడర్లు బర్మా అడవుల్లోకి, జపాన్ సైన్యం వెనక్కి బయలుదేరాయి. వింగేట్ చిందిట్ సైనికుల్ని దింపడానికి. జాకీ ఆ రాత్రి గ్లైడర్ నడిపాడు. వాళ్లు దిగిన అడవి మైదానానికి పెట్టిన రహస్య పేరు ఏంటో తెలుసా? 'బ్రాడ్‌వే'. న్యూయార్క్‌లో నాటకాలాడే వీధి పేరు.

యుద్ధం నుంచి వచ్చాక చిన్నా చితకా వేషాలు. 1964లో 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' టీవీ సీరియల్‌లో గుండు అంకుల్ ఫెస్టర్‌గా మళ్లీ ఇంటింటికీ తెలిశాడు. మీలో 'వెడ్నస్‌డే' చూసినవాళ్లకి ఆ పాత్ర తెలుసు. 1972లో గౌరవ ఆస్కార్ కోసం చాప్లిన్ ఇరవై ఏళ్ల తర్వాత అమెరికా వచ్చినప్పుడు కలవడానికి వచ్చినవాళ్లలో జాకీ ఉన్నాడు. ముసలాయన అతన్ని గుర్తుపట్టి కౌగిలించుకున్నాడు. జాకీ 1984 మార్చి 1న, 69 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఇక మన సంగతి. మన దేశంలో బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు, 2017లో రూల్స్ వచ్చాయి. బాల నటులతో రోజుకి 5 గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా వరుసగా 3 గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి షూటింగ్‌లో ఉంచకూడదు. షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. ఇంకో లైన్ ఉంది. పిల్లల ఇష్టానికి వ్యతిరేకంగా ఏ కార్యక్రమంలోనూ పాల్గొనేలా చేయకూడదు అని. జాకీ కోసం ఆ రోజు సెట్‌లో ఈ లైన్ లేదు.

మరి ఫోన్‌లో ఇంట్లో తీసే వీడియోల సంగతేంటి? 2024 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా కూగన్ చట్టాన్ని ఆన్‌లైన్ వీడియోల్లో కనిపించే పిల్లలకి కూడా వర్తింపజేసింది. ఈ వార్త చదివినప్పుడే ఈ ఎపిసోడ్ అనుకున్నాను. నా కారణం ఇప్పుడు చెబుతాను.

ఉద్యోగం మానేసిన కొత్తలో నా ఛానెల్‌కి వ్యూస్ రావడం లేదు. సంక్రాంతికి మా అక్క ఇంటికొచ్చింది. మా మేనకోడలికి అప్పుడు ఐదేళ్లు. దానికి వాళ్ల అమ్మమ్మంటే ప్రాణం. నేను ఫోన్ కెమెరా ఆన్ చేసి, అమ్మమ్మ బస్సెక్కి వెళ్లిపోయింది, ఇక రాదంట అన్నాను. సరదాకే. అది రెండు సెకన్లు నా ముఖం చూసింది. తర్వాత ఏడ్చింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఎత్తుకుంది, అందరం నవ్వాం, నేను మ్యూజిక్ వేసి పెట్టేశాను. అప్పటిదాకా నేను పెట్టిన వాటన్నిటికన్నా దానికి ఎక్కువ వ్యూస్ వచ్చాయి. ముద్దుగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి అది అమ్మమ్మ కొంగు వేలికి చుట్టుకుని పడుకుంది. అక్క నాతో ఒకటే మాట అంది, "అది నటించలేదురా, నిజంగా ఏడ్చింది" అని.

అప్పుడు నాకు అంతగా ఎక్కలేదు. జాక్ కూగన్ డ్రెస్సింగ్ రూమ్ దగ్గరికి వచ్చి రెడీ అన్న చోటు చదివినప్పుడు ఎక్కింది. నేను ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచి ఆగిపోయాను.

ఆ వీడియో ఇప్పుడు ప్రైవేట్‌లో ఉంది. దానికి వచ్చిన డబ్బు లెక్క చూసి మేనకోడలి పేరు మీదున్న సుకన్య సమృద్ధి ఖాతాలో వేయమని అక్కకి పంపాను. పెద్ద మొత్తమేమీ కాదు, చెప్పుకునేంత కూడా లేదు. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు. మొన్న ఫోన్ చేసి, "మామయ్యా, నేను ఏడ్చిన వీడియో ఒకటుందంట కదా, పంపించవా" అంది. ఇంకా పంపించలేదు. పంపేముందు ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.

మీ ఇళ్లలోనూ పిల్లల వీడియోలు తీస్తుంటారు. తీయొద్దని చెప్పే అర్హత నాకు లేదు. తీసేముందు ఒక్కసారి అడగండి. వద్దంటే ఫోన్ లోపల పెట్టేయండి. అంతే.

'ది కిడ్' చూడనివాళ్లు ఈ వారం చూడండి, గంటకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. లారీ సీన్ దగ్గర వాడి చేతులు గమనించండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను, నమస్తే.